చుక్క కొలిచేది ఎవరు?

వేసవి బీరు పండగలకు వెళ్లేవాళ్లు తాగడానికి వెళ్తున్నామని చెప్పరు, రుచి చూడటానికి అంటారు. ఆ మాటకు తగ్గ ఏర్పాట్లూ అక్కడ ఉంటాయి. అమెరికాలో 1982లో మొదలైన గ్రేట్ అమెరికన్ బీర్ ఫెస్టివల్‌లో ఒక్కో రకం ఔన్సు చొప్పున, అంటే 30 మిల్లీలీటర్లకు కాస్త అటూ ఇటూగా పోస్తారు. ఇంగ్లండులో 1977లో మొదలైన గ్రేట్ బ్రిటిష్ బీర్ ఫెస్టివల్‌లో పైంటులో మూడోవంతు గ్లాసు అడిగి తీసుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీలకు దారి తెరిచాక హైదరాబాదులోనూ నాలుగైదు చిట్టి గ్లాసులు వరసగా పేర్చి ముందు పెట్టే పద్ధతి వచ్చింది. ఒకదాంట్లో గోధుమ బీరు, ఒకదాంట్లో నల్లగా వేయించిన మాల్టుతో చేసినది, మరొకదాంట్లో హాప్స్ పువ్వు చేదు. విశాఖలో కంచరపాలెం లాంటి పేటలో ఈ మర్యాద చెల్లదు. రైల్వే, పోర్టు, ఫ్యాక్టరీ డ్యూటీలు దిగి మే నెల ఉక్కలో ఇంటిదారి పట్టినవాళ్లు వైన్‌షాపు కిటికీ దగ్గర అడిగేదల్లా కూలింగ్ బీరు ఉందా అనే. రెండుచోట్లా గ్లాసులోకి వచ్చే సరుకు ఒకటే. మరి రుచి చూడటానికీ తాగడానికీ మధ్య ధర్మం దృష్టిలో నిజంగా తేడా ఉందా, లేక అది డబ్బున్నవాడు తన తాగుడుకు పెట్టుకున్న ముద్దుపేరా? తేడా ఉందనే నా అభిప్రాయం. అయితే దాన్ని నాలుక మీదా గ్లాసు సైజులోనూ వెతికితే దొరకదు. ఎంత తాగాలో ఎవరు నిర్ణయించారు, తాగకముందు నిర్ణయించారా తాగుతూ నిర్ణయించారా అన్నదాన్ని బట్టి ఆ తేడా ఏర్పడుతుంది.

విశాఖకు ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. భీమిలి దారిలో తొట్లకొండ, బావికొండల మీద రెండువేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువుల విహారాలుండేవి. బౌద్ధంలో మద్యం మానడం ఐదో శీలం. భిక్షువులకు ఆ నిషేధం ఎలా వచ్చిందో వినయపిటకం ఒక కథగా చెబుతుంది. సాగతుడనే భిక్షువు భయంకరమైన నాగును తన తపోబలంతో లొంగదీశాడు. ఆ సంగతి విని కోసంబి జనం ఆయనకు ఇంటింటా మద్యం పోశారు. ఊరి వాకిలి దగ్గరే ఆయన కుప్పకూలాడు. నాగును లొంగదీసినవాడు ఇప్పుడు నీళ్లపామునైనా లొంగదీయగలడా అని బుద్ధుడు అడిగాడట. గడ్డిపరక కొనకు అంటినంత తాగినా దోషమేనని ఆ మీదట నియమం వచ్చింది. ఇంత కఠినంగా చెప్పిన గ్రంథమే వెంటనే మినహాయింపులు కూడా ఇస్తుంది. పులుసులోనో మాంసంలోనో నూనెలోనో కలిపి వండినదైతే తప్పులేదు. అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది ఇంకొకటి: మద్యం రంగు, మద్యం వాసన, మద్యం రుచి ఉండి మత్తు మాత్రం లేనిది తాగితే దోషం అంటదు. అంటే ఆ శాస్త్రం రుచిని నిర్దోషిగా వదిలేసింది. ఈనాడు సూపర్‌మార్కెట్లో దొరికే ఆల్కహాల్ లేని బీరుకు అనుమతి అప్పుడే రాసిపెట్టి ఉంది. ఇక బుద్ధుడి తర్వాత నూరేళ్లకు వైశాలిలో రెండో సంగీతి జరిగినప్పుడు వజ్జి భిక్షువులు పది సడలింపులు కోరారు. అందులో ఒకటి, ఇంకా పూర్తిగా పులవని కల్లు పుచ్చుకోవచ్చునన్నది. పెద్దలు తోసిపుచ్చారు. ఎందుకన్నది తాటిచెట్లు ఎరిగినవాళ్లకు వివరించక్కర్లేదు. కుండలో సున్నం పూస్తే నీరా. పూయకపోతే మొదటి చుక్క పడ్డప్పటి నుంచే పులవడం మొదలు. తెల్లవారి తియ్యగా ఉండి మధ్యాహ్నానికి ఘాటెక్కే సరుకులో ఏ ఘడియ దగ్గర గీత గీస్తారు? ఆ గీత గీయాల్సినవాడు ముంత పట్టుకున్నవాడే అయినప్పుడు అది కాసేపటికోసారి జరుగుతూ పోతుంది.

మద్యాన్ని మిగతా రుచుల నుంచి వేరుచేసేది ఇదే. ఉప్పు ఎక్కువైతే నాలుక చెబుతుంది, కారం ఎక్కువైతే కళ్లు చెబుతాయి, పాయసం మూడో గిన్నె దగ్గర కడుపే వద్దంటుంది. మద్యమైతే, ఇంక చాలని చెప్పాల్సిన బుద్ధినే ముందుగా పట్టుకుంటుంది. విచారణ మొదలవకముందే ఒక కక్షిదారు న్యాయమూర్తి ఇంటికి సంచి పంపినట్టు. చరక సంహిత ఈ సంగతిని వైద్యుడి కళ్లతో చూసింది. మదాత్యయ చికిత్స చెప్పే అధ్యాయంలో మద్యాన్ని తిట్టదు. పద్ధతిగా తీసుకుంటే అమృతం, పద్ధతి తప్పితే విషం అంటుంది. నిప్పు బంగారం వన్నెను బయటపెట్టినట్టు మద్యం మనసు స్వభావాన్ని బయటపెడుతుందంటుంది. మత్తును దశలుగా విడదీసి, ఉల్లాసంగా ఉండే మొదటి దశను వర్ణించి, రెండోది దాటి మూడోదాని వైపు తెలివైనవాడెవడూ వెళ్లడంటుంది. గొప్ప పరిశీలనే, కానీ రెండో దశలో ఉన్నవాడిలో ఆ తెలివైనవాడు ఎంతవరకు మిగిలి ఉంటాడు? బీరు పండగ సరిగ్గా ఇక్కడే తన మాట తాను తప్పుతుంది. వైన్ రుచి చూసేవాళ్లు పుక్కిలించి ఉమ్మేస్తారు. బీరు రుచి చూసేవాళ్లు, చేదు గొంతు దిగేటప్పుడే పూర్తిగా తెలుస్తుందని మింగుతారు. ఔన్సు చొప్పున ఇరవై రకాలు చూస్తే 600 మిల్లీలీటర్లు లోపలికి పోయినట్టు. వైన్‌షాపులో దొరికే పెద్ద సీసా 650. ఇరవయ్యో గ్లాసు పట్టుకుని హాప్స్ పరిమళాన్ని వర్ణించేవాడి మాట మీద మొదటి గ్లాసు దగ్గర ఉన్న నమ్మకం వాడి పక్కవాడికీ ఉండదు.

మతాలు ఈ చిక్కును గుర్తించి, దానికి రకరకాల ఏర్పాట్లు చేసుకున్నాయి. వేదకాలపు సౌత్రామణి యాగంలో అశ్వినులకు, సరస్వతికి, ఇంద్రుడికి సుర సమర్పించేవారు. యజ్ఞంలో సురను వాసన చూడటం వరకే విధి అని భాగవతం ఏకాదశ స్కంధం తేల్చింది. మన రుచిపండితులు గ్లాసును ముక్కు దగ్గర తిప్పి తిప్పి చూసే పని పూర్వం యాగశాలలో ఉండేదన్నమాట. బోనాల్లో సాక పోసేటప్పుడు కల్లు ముందుగా అమ్మవారికి చేరాలి, మనిషి వంతు ఆ తర్వాతే. కంచరపాలేన్ని ఆనుకునే ఉన్న జ్ఞానాపురంలో కతోలికుల సెయింట్ పీటర్స్ కెథీడ్రల్ ఉంది. దివ్యబలిపూజలో పాత్రలోకి ద్రాక్షారసం ఎంత పోయాలన్నది గురువుగారి దాహాన్ని బట్టి ఉండదు. పెళ్లింట నీళ్లను ద్రాక్షారసంగా మార్చడం యేసు చేసిన తొలి అద్భుతమని నమ్మే మతం అది, రుచి మీద దానికి ద్వేషం ఉండే అవకాశమే లేదు. ఈ ఆచారాలన్నిటిలో కొలత ముందే ఖరారై ఉంటుంది, ఖరారు చేసింది తాగేవాడు కాడు. ఆ రెండూ లేని పండగ ఎలా ముగుస్తుందో మహాభారతం మౌసలపర్వంలో ఉంది. ద్వారకలో ఎవరూ మద్యం తయారుచేయకూడదని దండోరా వేయించారు. ఊరు దాటి ప్రభాస తీర్థానికి, సముద్రపు ఒడ్డుకు, చేరేసరికి ఆ కట్టుబాటు గాలికి పోయింది. సాత్యకికీ కృతవర్మకూ పాత యుద్ధపు మాటలు నోటికొచ్చాయి. చేతికందిన తుంగతో యాదవులు ఒకరినొకరు చంపుకున్నారు. శత్రువు చేతిలో చావని వంశం విహారయాత్రలో పోయింది.

కొలతల గొడవ ఎందుకు, చుక్కే వద్దంటే పోలేదా అనేవాళ్ల వాదన బలమైనది. ఎక్కువైతే మత్తెక్కించేది కొంచెమైనా నిషిద్ధమేనన్నది హదీసులు నిలబెట్టిన సూత్రం. భిక్షువుల గడ్డిపరక నియమం కూడా ఆ మాటే చెబుతుంది. మనుస్మృతి సురాపానాన్ని పంచ మహాపాతకాల్లో చేర్చింది. తర్కంలో ఎక్కడా లోపం లేదు. నా వాదన దీనికి ఎదురు నిలబడదు, దీనికి బంధువు అవుతుంది. సున్నా కూడా ఒక కొలతే. తాగేవాడి బయట, తాగకముందు నిర్ణయమైన కొలతల్లో అది అన్నిటికన్నా సులువుగా గుర్తుండేది. దాన్ని మనసారా ఒప్పుకున్నవాడికి ఔన్సు గ్లాసు కూడా మోసమే, రుచి కోసమే అన్న సాకు అతని దగ్గర పనికిరాదు. కానీ సున్నా ఒక్కటే ధర్మమని అందరికీ చాటాలంటే ఆ స్మృతే అడ్డు వస్తుంది. మద్యంలో దోషం లేదు, అది ప్రాణుల సహజ ప్రవృత్తి, మానుకుంటే మాత్రం గొప్ప ఫలం అనే భావం మనువు ఐదో అధ్యాయంలో ఉంది. మహాపాతకానికీ ఈ మాటకూ పొత్తు కుదర్చడానికి వ్యాఖ్యాతలు పడ్డ తిప్పలు వేరే కథ. నాకు తోచినంతవరకు, వ్రతం పట్టినవాడికి వేరే కొలత, పట్టనివాడికి వేరే కొలత ఉంటాయని ఆ గ్రంథానికి తెలుసు. పులిసిందంతా తామసం అనే ఇంకో అభ్యంతరం దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. గీత పదిహేడో అధ్యాయం చద్దిదాన్ని, వాసన వేసినదాన్ని తామసాహారంలో కలిపిన మాట నిజమే. ఆ లెక్కన శ్రోత్రియుల ఇళ్లలో వేసవిని కాచిన తరవాణి కుండలు, మన ఇడ్లీ పిండి, పులిసిన చోడి అంబలి అన్నీ బోనెక్కాలి.

అసలు గట్టి అభ్యంతరం పేట నుంచే వస్తుంది. 2018లో వెంకటేశ్ మహా తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో ఎక్కువమంది నటులు ఆ పేటవాళ్లే. అందులో గడ్డం అనే పాత్ర పనిచేసే వైన్‌షాపును పాపపు కొంపలా చూపించలేదు. రోజూ సీసా కొనడానికి వచ్చే సలీమా కళ్లు చూసి అతను మనసు పారేసుకునే చోటు అది. కూలివాడు తాగితే తాగుడు, ఇంజనీరు తాగితే రుచి అనడం ఏ ధర్మం అని ఆ పేట అడగవచ్చు. అడగాలి కూడా. తాగేవాడికి రుచి తెలియదనడం చరిత్ర ముందు నిలబడదు. ఉత్తరాంధ్రలో యాతలు, సెగిడీలు తరతరాలుగా కల్లు వృత్తిలో ఉన్నవాళ్లు. తాటికల్లు, ఈతకల్లు, పాడేరు, అరకు కొండల్లో జీలుగు కల్లు, ఒక్కొక్కటీ ఒక్కో రుచి. కొండలకు ఆవల కోరాపుట్ వైపు గిరిజనులు చోళ్లతోనో బియ్యంతోనో పులియబెట్టుకునే లందా అచ్చంగా బీరే, అదీ ఎవరింట్లో వాళ్లు చేసుకునేది. ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్ని అడ్డుకున్న నిబంధనలు, కల్లు మీద వేసిన చిగురు పన్ను 1879లో రంప తిరుగుబాటుకు ముఖ్య కారణాల్లో ఉన్నాయి. ఆ కల్లులో వాళ్లకు మత్తు ఒక్కటే ఉండి ఉంటే అంత తెగింపు ఎందుకు? కాబట్టి ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను, ఒప్పుకుంటే నా వాదనకే బలం. చెట్టు రోజుకు ఇచ్చేది ఇంత అని ఉంది. మర్నాటికి అది చెడిపోతుంది, దాచుకునే వీల్లేదు. పోసేవాడికి తాగేవాడి ఇల్లూ వాకిలీ తెలుసు. ఏ శాస్త్రమూ రాయకపోయినా కొలత చెట్టు దగ్గర, కుండ దగ్గర, పోసేవాడి చేతిలో ఉండేది. మూతబిగించిన సీసా ఆ మూడింటినీ తీసేసింది. నెలల తరబడి చెడదు, అడిగినన్ని దొరుకుతాయి, కిటికీ అవతలి మనిషికి ఇవతలివాడు ఎవరో అక్కర్లేదు. పేటలో తాగుడు పండగలో రుచి కన్నా హీనంగా కనిపించడానికి కారణం తాగేవాడి నాలుక కాదు, అతని చుట్టూ ఉన్న కొలతలు ఊడిపోవడం.

ఊడిపోయిన కొలత సర్కారు చేతిలో పడింది. షాపులెన్ని, ఎన్నింటిదాకా, ఏ ధరకు, అంతా అదే చెబుతుంది. కాకపోతే ప్రతి సీసా మీదా దానికి రాబడి ఉంది. సంచి ఈసారి ఇంకా పెద్ద న్యాయమూర్తి ఇంటికే చేరిందన్నమాట. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు ముందు అడ్డంగా నిలబడ్డప్పుడు బయటి నుంచి ఒక కొలత మళ్లీ వచ్చింది. ఆ ఊపులో 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. సంపూర్ణ నిషేధాన్ని 1997లో ఎత్తేశారు. చూశారా, బయటి కొలత నిలవదు అనేవాళ్లు ఈ నాలుగేళ్లనే చూపిస్తారు. నాకు అందులో కనిపించేది వేరు. దూబగుంటలో కొలత పెట్టినవాళ్లకు తాగినవాడి కూలి ఎంతో, ఇంట్లో బియ్యం ఉన్నాయో లేవో, పిల్లల పుస్తకాలు కొన్నారో లేదో తెలుసు. అదే కొలత చట్టమై చెక్‌పోస్టుకు వెళ్లాక, అక్కడ నిలబడ్డ కానిస్టేబుల్‌కు లారీ నంబరు తప్ప ఏమీ తెలియదు. బయటివాడు అంటే దూరపువాడు అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు అది. సాక పోసే చెయ్యి గానీ కల్లు గీసే చెయ్యి గానీ దూరపుది కాదు.

రేపు రామకృష్ణా బీచ్‌లో ఎవరైనా వేసవి బీరు పండగ పెడితే, అక్కడికి వెళ్లడం ధర్మమా అధర్మమా అని అడిగేవాడికి నేను చూడమనేవి చిన్న విషయాలు. గేటు దగ్గర మనిషికి ఇన్నే టోకెన్లని ఇచ్చి లోపల మళ్లీ అమ్మకుండా ఉంటున్నారా? గ్లాసు నింపేవాడికి ఇక చాలు అనే హక్కు ఉందా? అతని జీతం నింపిన గ్లాసుల లెక్క మీద కట్టినదా? ఈ మూడూ సరిగా ఉంటే రుచి చూడటానికి వచ్చామన్న మాటను నమ్మవచ్చు, లేకపోతే అది ఖరీదైన వైన్‌షాపు. కంచరపాలెం షాపులో కౌంటరు వెనక కుర్రాడికి అదే హక్కు ఇవ్వడం ఇంతకన్నా కష్టం. ఆ షాపు లైసెన్సు ఫీజు అతను అమ్మే సీసాల్లోంచే రావాలి.