చేతిరుచి ఎవరి సొత్తు?

అన్నము పెట్టుట పుణ్యమని ఎల్లరును ఎఱుగుదురు. ఆ అన్నమును వండు విధము చెప్పుట కూడ పుణ్యమేనా యని విచారించువారు తక్కువ. పంక్తిలో పదిమందికి కొసరి కొసరి వడ్డించిన చేయి, “ఇది యెట్ల చేసినవు వదినా?” యని పొరుగింటి యిల్లాలు అడిగినంతనే వెనుకకు తగ్గుట లోకమున కానవచ్చును. కొందరు నవ్వి మాట మార్చుదురు. కొందరు అన్నియు చెప్పి ఒక్కటి దాచుదురు. పొరుగామె చెప్పినది చెప్పినట్లు చేసియు ఆ రుచి రాక, తన చేతికే గుణము లేదనుకొని చిన్నబోవును. ఇది చూచుటకు అల్పవిషయమే. కాని అన్నము నిచ్చి అన్నవిద్యను దాచినవారి దాసోహము సంపూర్ణమగునా యను ప్రశ్న యిందు ఇమిడియున్నది.

ఓరుగల్లు నగరమున కాశిబుగ్గ యను పేట కలదు. బుగ్గ యనగా నేల నుండి ఉబికివచ్చు నీటి ఊట. దానికి చేరువనే ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టు కలదు; మిరప, పత్తి, పసుపు బస్తాలు అచ్చటికి చేరుచుండును. ఇట్టి పేటలో సామాన్యుల యిండ్ల వంట ఎక్కువ ఆర్భాటము లేనిది. జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు నిత్యము. సాయంకాలమున పిల్లల ఆకలికి సర్వపిండి. దానినే ఓరుగల్లు వైపు సర్వప్ప యందురు. సంక్రాంతి వచ్చినచో సకినాలు. వీనిలో ఏ యొక్కదానికిని కర్త పేరు తెలియదు. గిన్నెకు ఒత్తిన పిండికి మొదట వ్రేలితో చిల్లులు పొడిచి, ఆ చిల్లులలో నూనెచుక్కలు విడిచిన తల్లి యెవరో ఎవ్వరును చెప్పజాలరు. ఆమె ఆ యుపాయమును తన పొయ్యికే పరిమితము చేసియున్నచో నేడు ఈ సీమలో సర్వప్ప యుండెడిది కాదు. ఎవరో దాచకుండ చెప్పినందువలననే ప్రతి యింటికి ఆ రుచి దక్కినది. అట్లు దక్కినదానిని “మా యింటి గుట్టు” అని బిగబట్టుట, ఋణముగ వచ్చిన ధాన్యమును సొంత పంటయని చెప్పుకొనుట వంటిది.

2025వ సంవత్సరమున వరంగల్ చపాట మిరపకు భౌగోళిక గుర్తింపు లభించినది. రంగు మెండుగ, కారము తక్కువగ నుండు ఆ మిరప పేరు మీది హక్కు ఏ యొక్క వ్యక్తికిని చెందినది కాదు. ఆ ప్రాంతమున దానిని పండించువారందరికిని ఉమ్మడిగ చెందునది. ఒక సీమ రుచి ఆ సీమ జనులందరి సొత్తని చట్టమే అంగీకరించుచుండగా, మిరపకాయకు వర్తించిన న్యాయము ఆ మిరపతో చేసిన కూరకు వర్తింపకుండునా?

వీరశైవమున ఈ విషయము మఱింత స్పష్టము. వండినది లింగమునకు అర్పింపబడక పూర్వము పదార్థము; అర్పింపబడిన పిదప ప్రసాదము. ఈ మార్పు వలన గిన్నెలోని అన్నము పెరుగదు, తరుగదు. వండినవారి “నాది” యను భావము మాత్రము తొలగును. “నా చేతివంట” యను మాట అర్పణతో ముగియవలెను. అట్లుండగా కూరను అర్పించి, కూర చేయు విధమును మాత్రము అర్పింపక మిగుల్చుకొనుట సగము అర్పణ మగును. పైగా అన్నము పంచినకొలది గిన్నెలో తగ్గును. విధానము పంచినకొలది తగ్గునది కాదు. తగ్గెడి దానిని ఇచ్చుటకు వెనుదీయని మనస్సు, తగ్గని దానిని ఇచ్చుటకు ఏల వెనుదీయును? దాచునది దినుసుల కొలత కాదు, ఆ వంట వలన వచ్చు పేరు. పేరు మీది ఆశ అన్నము మీది ఆశ కంటె సూక్ష్మము. కావుననే దానిని విడుచుట కష్టము.

సాదా వంటకు ఈ విచారణలో ముఖ్యస్థానము కలదు. కల్యాణపు చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్ది పూర్వార్ధమున మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును రచించెను. అందు అన్నభోగమను భాగమున రాజుల వంటకములు, వాని తయారీ విధములు వర్ణింపబడినవి. రాజు తన వంటశాల విద్యను దాచలేదు, అది మెచ్చదగినదే. కాని ఆ వంటలకు కావలసిన దినుసులు గాని, ఆ గ్రంథభాష గాని గడ్డి కోసి బ్రతుకువానికి అందునవి కావు. అదే కల్యాణమున, ఆ శతాబ్దిలోనే, బసవేశ్వరుడు కాయక దాసోహములను బోధించెను. కుండలో ఏది యున్నను, కష్టించి తెచ్చినదైనచో అది అర్పణకు తగునని శరణులు నమ్మిరి.

బసవపురాణమందలి మాదర చెన్నయ్య వృత్తాంతము దీనికి చక్కని నిదర్శనము. చెన్నయ్య కరికాలచోళుని గుఱ్ఱములకు గడ్డి కోసి తెచ్చువాడు. రాజు నిత్యము శివునకు దివ్యాన్నములు నివేదించుచుండెను. ఒకనాడు శివుడు ఆ నైవేద్యమును ముట్టక, చెన్నయ్య యింట అంబలి త్రాగితినని తెలిపెను. ఈ కథలో రాజభోజనమునకు నింద లేదు. అంబలికి సిగ్గుపడనక్కఱలేదను ధైర్యము మాత్రము కలదు. నేటి గృహస్థులకు కావలసినది ఈ ధైర్యమే. అతిథి వచ్చుచున్నాడనగానే నాలుగు కూరలు, రెండు పిండివంటలు లేనిచో మర్యాద దక్కదని భయపడు యిండ్లు అనేకములు. ఆ భయము వలన అప్పు చేయువారు కొందరు. అతిథినే పిలువక మానుకొనువారు మఱికొందరు. పిలిచినవారి విస్తరిని చూచి, అట్టి విస్తరిని తాము తిరిగి వేయలేమని తలుపు మూసికొను పొరుగువారును కలరు. ఆర్భాటపు వంట ఈ విధముగ పంక్తిని కుదించును. రొట్టె పప్పుతో పిలిచిన యింటికి, రొట్టె పప్పుతో తిరిగి పిలువగల ధైర్యము పొరుగింటికి కలుగును.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల గాథ దీనిని ఇంకొకవైపు నుండి చూపును. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. వానిని వండి జంగమార్చన చేయుట ఆ యింటి నియమము. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చు కొలతకు మించి తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు, అధికమైనది ఆశ యగునని చెప్పి, దానిని తెచ్చినచోటనే పోసి రమ్మనెను. దాసోహమునకు ఎక్కువ బియ్యము వచ్చినచో మంచిదే కదా యని ఎవరికైనను తోచును. లక్కమ్మకు అట్లు తోచలేదు. పెట్టుటలో సైతము గొప్పకు చోటీయరాదని ఆమె ఎఱిగెను. పొయ్యి యొద్ద నిలిచిన స్త్రీ ధర్మసూక్ష్మమును భర్తకు బోధించిన ఈ గాథను, వంటయిల్లు విచారణకు తగిన చోటు కాదనువారు గుర్తుంచుకొనవలెను.

సాదా వంట వండువారిని కూడ గౌరవించును. ఇరువది వంటకముల విందులో తిన్నవారు మెచ్చుకొని లేచునప్పటికి వండిన తల్లి నడుము పట్టుకొని, చల్లారిన అన్నము ముందు కూర్చుండును. ఆమె లేని పంక్తి సమపంక్తి యెట్లగును? స్త్రీపురుష భేదము లేక అనుభవమంటపమున శరణులు కూర్చుండిరని చెప్పుకొను సమాజము, తన యింటి భోజనపంక్తిలో వండిన స్త్రీకి చోటున్నదా యని చూచుకొనవలెను. వేలమందికి పెట్టుటకును ఆధారము సాదా వంటయే. తుమకూరులోని సిద్ధగంగా మఠమున, 2019లో లింగైక్యము చెందిన శ్రీ శివకుమారస్వాములవారి కాలమున, వేలాది విద్యార్థులకు కులమత భేదము లేక అన్నము, విద్య లభించెను. రాగిముద్ద, అన్నము, పులుసు వంటి భోజనము కనుకనే అది అనుదినము సాగినది. సిక్కుల గురుద్వారములలోని లంగరు సైతము రొట్టె, పప్పులతోనే రాజును పేదను ఒక వరుసలో కూర్చుండబెట్టుచున్నది.

ఇచ్చట ఒక ఆక్షేపము పుట్టును. ఒక యిల్లాలు సకినాలు, పొడులు, పచ్చళ్లు చేసి అమ్మి పిల్లలను చదివించుకొనుచున్నదనుకొనుడు. ఆమె తన విధానమును అడిగినవారికెల్ల చెప్పవలెనా? చెప్పినచో ఆమె జీవనము దెబ్బతినదా? ఈ ప్రశ్నను తేలికగ త్రోసివేయరాదు. ఆమెకు వంట కాయకము. కాయకము వలన బ్రతుకు హక్కు ఆమెకు కలదు. “నాకిదే బతుకుదెరువు, చెప్పలేనమ్మా” యని ఆమె సూటిగ పలికినచో అందు దోషము లేదు. అడిగినవారే నొచ్చుకొనక మరలిపోవలెను. కలిగినవారు లేనివారి గుట్టును దాసోహము పేరిట లాగికొనుట దోపిడియే యగును. దాసోహము ఇచ్చువాని మనస్సున పుట్టవలసినది, అడుగువాని నోట పుట్టవలసినది కాదు. కాని జీవనమునకు సంబంధము లేక, కేవలము మెప్పు కొఱకు దాచువారికి ఈ రక్షణ చెల్లదు. ఒక్క దినుసును దాచి మిగిలినవన్నియు చెప్పువారి దోషము మఱింత పెద్దది. చెప్పననుట లోభము కావచ్చును. చెప్పినట్లు నటించి తప్పించుట అసత్యము.

ఇచ్చినది నశింపదనుటకు ఓరుగల్లు సీమలోనే గొప్ప నిదర్శనము కలదు. పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు, సంస్కృత ప్రౌఢిమ తనకు చేతనైనను, అందరికి అందవలెనని జానుతెనుగును, ద్విపదను గ్రహించి బసవపురాణమును రచించెను. అందు వలన ఆ కథలు పండితుల పెట్టెలలో నిలువక పామరుల నోళ్లలో నిలిచినవి. 1369లో భీమకవి దానిని కన్నడమునకు తెచ్చెను. కన్నడసీమ శరణుల కథ తెలుగున పాకమై, మరల కన్నడసీమకే విస్తరి యయ్యెను. తెలుగువారికి దాని వలన కొఱత కలుగలేదు. సాదా వంట వంటలలో జానుతెనుగు వంటిది; అందరికి తెలిసిన దినుసులతో అందరికి అందునది.

ఇక చెప్పుటలోను ధర్మము కలదు. సర్వప్పకు రెండు గ్లాసుల బియ్యపుపిండి, గుప్పెడు నానిన శనగపప్పు, కచ్చాపచ్చాగ దంచిన పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, తరిగిన ఉల్లి, కరివేపాకు, కారము, ఉప్పు. నీళ్లతో కలిపి నూనె రాచిన లోతు గిన్నెకు పలుచగ ఒత్తి, చిల్లులు పొడిచి, నూనె విడిచి, మూతపెట్టి సన్నని మంటపై కాల్చవలెను. ఇంతవరకు ఎవరైనను చెప్పుదురు. మొదటిది తీసిన పిదప గిన్నె వేడిగ నుండును. ఆ వేడికి పిండి అంటదు, వ్రేళ్లు కాలును. గిన్నెను బోర్లించి వెనుకవైపున నీళ్లు పోసి చల్లార్చిన పిదపనే రెండవది ఒత్తవలెను. ఈ మాట చెప్పనివారు వంట చెప్పినవారు కారు. జొన్నపిండికి సాగెడి గుణము లేదు కనుక వేడినీళ్లతో పిసుకవలెననియు, సకినాలకు నానిన బియ్యపు తడిపిండియే కావలెననియు, పచ్చిపులుసుకు మిరపకాయలు కాల్చి పిసికిన పిదప చింతపండు రసమును పొయ్యి మీద పెట్టరాదనియు చెప్పుట అట్టిదే. ఎచ్చట చెడునో చెప్పినప్పుడే ఎట్లు చేయవలెనో చెప్పినట్లగును.

పూర్వము ఇది మాటలతో గాక చేతులతోనే జరిగెడిది. సంక్రాంతి ముందు ఒక యింట సకినాలు చుట్టవలెనన్నచో వాడకట్టు స్త్రీలందరు వచ్చి గుడ్డ చుట్టును కూర్చుండెడివారు. మఱునాడు ఇంకొక యింట. చూచి నేర్చెడి పిల్లకు ఎవ్వరును పాఠము చెప్పనక్కఱ లేకపోయెను. ఆ వాడుక ఇప్పటికిని కొన్ని వాడలలో కలదు. నేడు ఫోనులో వేలకొలది వంటలు కనబడుచున్నవి, అది మేలే. కాని ఫోను చూపు వంటలో పిండి పాకము తప్పినప్పుడు చేయి పట్టి సరిచేయువారు లేరు. వంద వంటలు చూచినవారు పొరుగింటి తలుపు ఒక్కసారియైనను తట్టకున్నచో, విద్య పెరిగినను పొత్తు తగ్గును.

కావున ప్రతి గృహమునను వృద్ధమాతల చేతిరుచిని కొలతలతో, మెళకువలతో ఒక పుస్తకమున వ్రాసికొని, కూతురికి, కోడలికి, కొడుకునకు సమానముగ నేర్పుట మంచిది. మఠములలో దాసోహము జరుగునప్పుడు యువకులను పొయ్యి యొద్ద నిలిపి వండు విధము నేర్పుట ఇంకను మంచిది. బుగ్గనీరు తోడినకొలది ఊరును. తోడక విడిచినచో పాచిపట్టును. చేతిరుచియు అట్టిదే. అది చేతికి వచ్చినది మఱియొకరి చేతి నుండియే. మఱియొక చేతికి అందించుటతోనే దాని ఋణము తీరును.