ముడియు సంకెలయు

పూర్వము మన పెద్దలు గ్రంథమును కట్టిన విధమును తలచుకొనుడు. ఆరబెట్టి చక్కచేసిన తాటియాకులను సమముగా కోసి, వానికి రంధ్రములు చేసి, అడుగున నొక పలకయు మీద నొక పలకయు నుంచి, ఆ రంధ్రముల గుండ త్రాడు పోనిచ్చి, చుట్టి ముడివైచుచుండిరి. గ్రంథమను మాటయే కూర్చి కట్టుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది. ఆ పొత్తమును చదువగోరువాడు త్రాటిని కొంత వదులు చేసినగాని యొక యాకునైనను తిరుగవేయజాలడు. త్రాటిని బొత్తిగా లాగివైచెనా, ఆకులు చెదరి యేది మొదలో యేది తుదయో తెలియక, వ్రాసినవాని శ్రమమంతయు వ్యర్థమగును. బిగించి కట్టి అటుకమీద పెట్టిన గ్రంథము భద్రముగానే యుండును. కాని దానిని చదువువాడు లేడు.

సోదరులారా, కట్టుటకును కలుపుటకును మన భాషలో నున్న మాటలనుగూర్చి కొంత ముచ్చటింపదలచి యీ త్రాటితో నారంభించితిమి. మాటలు మనకంటె ముసలివి. మన పెద్దలు నోరు విప్పి చెప్పని సంగతులు గూడ వానిలో దాగియుండును.

బంధశబ్దమును చూడుడు. ఆప్తుడు బంధువు; సంకెలలోనున్నవాడు బద్ధుడు. ఒకే ధాతువు పుట్టినింటికిని చెఱసాలకును తలుపు తీయుచున్నది. మోక్షమును కోరు గృహస్థుడు ప్రాతఃకాలమున సంసారబంధము తెగవలెనని వేడుకొనును. సాయంకాలమున కూతునకు మంచి సంబంధము కుదురవలెనని గడపగడపకును తిరుగును. దీనిని చూచి నవ్వవలసిన పనిలేదు. ఆయన రెండు కోరికలును నిజమైనవే. మన తెలుగు ‘కట్టు’ సంగతియు నంతియే. ఇల్లు కట్టుదుము, పాట కట్టుదుము, గాయమునకు గుడ్డ కట్టుదుము, పశువును గుంజకు కట్టుదుము. రెలిజియను అను పాశ్చాత్య శబ్దమునకు క్రైస్తవ పండితుడగు లాక్టాన్షియసు దేవునితో కట్టబడుటయని యర్థము చెప్పెను. అంతకు పూర్వుడగు సిసెరో మరల మరల పరిశీలించి చదువుటయని చెప్పియుండెను. మన ధర్మశబ్దమునకు మూలమైన ధాతువో, కట్టుట గాదు, నిలుపుట, మోయుట. ఈ భేదము మాకు చిన్నదిగా తోచదు. కట్టినవాడు కావలి యుండవలెను. మోయువాడు వెంట నడువవలెను.

వ్యాకరణము చదువుకొన్నవారికి ఇంకొక సంగతి జ్ఞప్తికి తెత్తుము. వాడు, ఎవడు అను రెండు మాటలు కలిసి ‘వాడెవడు’ అయినప్పుడు మొదటి మాట తన తుది యచ్చును కోలుపోవును. సంధియన నిట్లు ఒకరు కొంత వదలుకొనుటయే కాబోలు. సమాసములలోనో, తత్పురుషమున సామాన్యముగా రెండవ పదమే ప్రధానము. ద్వంద్వమున రెండును ప్రధానములు. ఆలుమగలు అనునది ద్వంద్వసమాసమని పాఠశాలలో బాలురచేత వల్లెవేయింతుము. ఇంటికి వచ్చి చూచినచో, దానిని తత్పురుషముగా నడుపుచున్న పండితులే పెక్కుమంది.

పెండ్లిలో రెండు విధములైన ముడులు కలవు. వధూవరుల కొంగులను కలిపి వైచునది బ్రహ్మముడి. అది యిద్దఱిని సమానముగా కట్టును. ఒకరు నిలిచిన రెండవవారు నిలువవలెను. వేడుక ముగిసినపిమ్మట దానిని విప్పివేయుదురు. రెండవది మంగళసూత్రపు మూడుముళ్లు. అవి యొకరి మెడకే. విప్పుటకు వైచినవి కావు. భర్త గతించినపుడు ఆ సూత్రమును తెంచుటనుగూడ నొక తంతుగా చేసిన లోకము, సూత్రము తెగినను ఆ బిడ్డకు ముడి విడినదని మాత్ర మొప్పుకొనలేదు. బోసిమెడను మునుపటికంటె గట్టిగా కట్టివైచినది. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు ఆంధ్రదేశమున మొదటిదని చెప్పబడు వితంతువివాహమును జరిపించినపుడు, ఆ కార్యమునకు తోడ్పడినవారిని వెలివైచిరి. ఊరివారు కూడి చేసికొన్న నియమమునకు కట్టుబాటని పేరు. విందులు, వేడుకలు జరుగుచున్నంతకాలము ఆ కట్టు ఎక్కడనున్నదో యెవరికిని తెలియదు. ఒకరిని త్రెంచివైచిన నాడే తెలియును.

ఇంకొక మాటను చెప్పక విడువరాదు. అది ఋణానుబంధము. ఇంటికి వచ్చిన ఆవును, ఆలిని, బిడ్డలను చూచి మన పెద్దలు ఋణానుబంధమందురు. పూర్వజన్మపు బాకీ తీర్చుకొనుటకై వచ్చినవారని దాని భావము. పసిబిడ్డ మరణించినపుడు తల్లిని ఊరడించుచు ‘ఋణము తీరినది, పోయినాడు’ అందురు. ఆ మాటచేత కొందఱు తల్లుల కన్నీ రాగియుండును, దానిని మేమాక్షేపింపము. అయినను, ప్రేమకు పేరు పెట్టవలసివచ్చినపుడు షావుకారి పద్దుపుస్తకమే మనకు కనబడినదా యని మనస్సు కలగుచుండును.

ఏలయన, ఆ మాటకు పూర్వజన్మముతో పనిలేని యర్థమును మన దేశమునందే కలిగియున్నది. నైజాము రాష్ట్రమున చేరియున్న తెలంగాణమున భగేలా యను పద్ధతి యుండెను. తిండిగింజలకో, ఇంటిలో పెండ్లికో కొంత సొమ్ము తెచ్చుకొన్న పేదవాడు అప్పిచ్చిన ఆసామి పొలమున పనిచేసి దానిని తీర్పవలెను. కూలి స్వల్పము, బాకీ తరుగదు. తాళి కట్టుటకు చేసిన యప్పు తాళి కట్టినవానినే కట్టివైచెను. తండ్రి తీర్పలేనిది కొడుకునకు సంక్రమించుచుండెను. 1936లో నైజాము ప్రభుత్వము ఈ యొడంబడికలను అదుపులో నుంచుటకు శాసనము చేసెను. 1976లో భారత పార్లమెంటు వెట్టిచాకిరిని, దానికి మూలమైన ఋణముతో సహా, రద్దుచేయుచు చట్టము చేసెను.

ఆ కాలపు రైతుకూలి యొకడు, పగలెల్లను పరుల మడిలో పనిచేసి, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట గుడిసెకు వచ్చి, నిద్రించు కుమారుని ప్రక్కను కూర్చుండెననుకొనుడు. వానికిని మనవలెనే బిడ్డమీద ప్రేమ కలదు. పొరుగింటి ముసలమ్మ వచ్చి, పిల్లవాని తల నిమిరి, ‘నీకును వీనికిని ఏదో ఋణానుబంధమురా’ యని ముద్దుగా పలికినచో, ఆ తండ్రి యేమని ప్రత్యుత్తరమిచ్చును?