చీకట్లో సజ్దా

చీకటి గదిలో సజ్దాకు వంగినా మన చేతులు, మోకాళ్లు, నుదురు తమ చోటు తప్పవు. ఎలా? అల్లాహ్ మన కండరాల్లో, కీళ్లలో అమర్చిన సూక్ష్మ గ్రాహకాలు ఏ అవయవం ఎక్కడుందో, ఎటు కదులుతోందో క్షణక్షణం మెదడుకు తెలుపుతుంటాయి.

ఇయాన్ వాటర్‌మన్ అనే ఆంగ్లేయుడు 1971లో, 19వ ఏట జబ్బుపడి మెడ కింది భాగమంతటా ఈ జ్ఞానాన్ని పోగొట్టుకున్నాడు. కండరాల్లో బలం ఉంది, కాలు ఎక్కడుందో మాత్రం తెలియదు! కళ్లతో చూసుకుంటూ నడక మళ్లీ నేర్చుకున్నాడు. దీపం ఆరితే కూలబడేవాడు.

సోదరులారా! అంత దూరం ఎందుకు, మన ఇళ్లలోనే చూద్దాం. షుగర్ వ్యాధి ముదిరి పాదాల నరాలు దెబ్బతిన్న పెద్దలు కొందరు నిలబడి వుజూ చేస్తూ, ముఖం కడగడానికి కళ్లు మూసుకోగానే తూలుతారు. మనం దాన్ని అజాగ్రత్త అని విసుక్కుంటాం. ప్రతి కీలు తరఫునా రోజూ దానం చెల్లించవలసి ఉందని, మంచిమాట సైతం దానమేనని దైవప్రవక్త (స) బోధించారు. మరి వారికి వుజూ దగ్గర ఒక పీట వేయడం, ఫజ్ర్ వేళ దారిలో దీపం వెలిగించడం, చేయి పట్టుకోవడం దానం కాదా? నిలబడలేనివారు కూర్చుని నమాజు చేయవచ్చని అనుమతించిందీ ఆయనే. మస్జిద్‌లో కుర్చీ మీద కూర్చున్న పెద్దాయన వంక వింతగా చూసేవారు మనలో ఇంకా ఉన్నారు.