ఎవరు చెల్లించిన మూల్యము?

భూకంపము సంభవించి, శిథిలములు తొలగింపబడి, మృతుల సంఖ్య పత్రికలలో నిలకడకు వచ్చిన పిమ్మట, ఏదో యొక వారపత్రికలో ఒక ప్రశాంతమైన వ్యాసము తప్పక వెలువడుచుండును. భూగర్భమునందలి తాపము చల్లారి, పైనున్న శిలాఫలకములు కదలక నిలిచిపోయినచో ఈ గోళము చంద్రునివలె నిర్జీవమై యుండెడిదనియు, పర్వతములును, పర్వతములనుండి దిగు నదులును, నదులు పరచిన ఒండ్రునేలయు ఆ కదలిక పెట్టిన భిక్షయే యనియు, అట్టి మహాభాగ్యమునకు మానవుడు అప్పుడప్పుడు చెల్లింపవలసిన మూల్యమే భూకంపమనియు అందు వ్రాయబడి యుండును. ఇందలి శాస్త్రవిషయములతో నాకు వివాదము లేదు. ఆ వాక్యము తుదిభాగమునకు వచ్చునప్పటికి మాత్రము, ఎన్ని పర్యాయములు చదివినను, నా మనస్సు మొరాయించును. బేరమనగా నొకడు ఇచ్చుటయు, మరియొకడు పుచ్చుకొనుటయు, నడుమ నొక వస్తువు చేతులు మారుటయు ఉండవలెను గదా! ఇచట ఇచ్చినవాడెవడు? వస్తువు చేరినదెవనికి?

ఒప్పుకొనవలసినదంతయు ముందుగనే ఒప్పుకొందును. ఖండములయందు మన పాదముల క్రింద ముప్పది నలువది కిలోమీటర్ల మందము గల పెంకు కలదు. దాని క్రింద సుమారు 2,900 కిలోమీటర్ల లోతువరకు వ్యాపించిన మాంటిల్ అను శిలామయమైన పొర, ఘనపదార్థమే యయ్యును, వేసవిలో ఉట్టిమీది బెల్లపుదిమ్మ ఎవరును తాకకుండగనే ఆకృతి మార్చుకొన్నట్లు, కోట్ల సంవత్సరముల వ్యవధిలో మెల్లగా ప్రవహించును. దానికిని క్రింద ద్రవరూపమైన ఇనుమును, ఆ ద్రవమునకు నడుమ సుమారు 1,220 కిలోమీటర్ల వ్యాసార్ధము గల ఘనలోహగోళమును ఉన్నవి. భూమి పుట్టిననాటి శేషతాపమును, యురేనియము, థోరియము, పొటాషియములు క్షయించుచు వెలువరించు తాపమును కలసి ఈ సర్వమును నడుపుచున్నవి. ఆ చలనమువలననే మన దేశము ఒకనాడు అంటార్కిటికానుండి విడివడినది. సింహాచలము కొండలయందలి ఖోండలైటు శిలలకును, అంటార్కిటికాలోని ఎండర్‌బీ ప్రాంతపు శిలలకును జన్మసంబంధము కలదని భూవిజ్ఞానులు నిర్ణయించిరి. భూమి నుద్ధరించిన వరాహమూర్తి వెలసిన కొండకు దాయాదులు నేడు పెంగ్విను పక్షులు తిరుగు తీరమున నున్నవన్నమాట. సుమారు 13 కోట్ల యేండ్ల క్రితము ఆ దాయభాగము జరిగినది. పిమ్మట మన భూఖండము ఉత్తరాభిముఖముగా పయనించి, 6.6 కోట్ల యేండ్ల క్రితము దక్కనుపై లావా పరచుకొని, సుమారు 5 కోట్ల యేండ్ల క్రితము ఆసియాను ఢీకొని, హిమాలయములను పైకెత్తి, నేటికిని సంవత్సరమునకు దాదాపు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యదిశకు నెట్టుకొనుచునే యున్నది. పూర్వము గోదావరి లోయ క్రుంగి యుండకున్నచో సింగరేణి బొగ్గు మనకు దక్కెడిది కాదు. హిమాలయములు లేవకున్న గంగయు లేదు, ఉత్తరపు చలిగాలులకు అడ్డును లేదు. ఇదంతయు భాగ్యమే. కాదనువాడెవడు?

కాని ఈ భాగ్యము ననుభవించువానిని, దానికై నలిగినవానిని ఒకే పద్దులో వ్రాయుటయందు ఏదో మోసమున్నదని నా యనుమానము. మానవుడు చెల్లించునని వ్రాయుచున్నారు. మానవుడెన్నడును దూలము క్రింద పడలేదు. పడినవారు ఫలానా వీథిలోని ఫలానా వారు. గంగనీరు పారిన పొలమొకనిది, కూలిన యిల్లు మరియొకనిది. వీరిద్దరిని కలిపి కూడినప్పుడు మాత్రమే లెక్క సరిపోవును. అట్లు కూడుటకు మనకెవరు అనుజ్ఞ యిచ్చిరి?

1934 జనవరి 15న బీహారు కంపించినప్పుడు, అది అస్పృశ్యతాపాపమునకు దైవము విధించిన దండనమని గాంధీమహాత్ముడు పలికెను. భౌతికమైన విపత్తునకు నైతికకారణము నంటగట్టుట అవివేకమునకు బలము చేకూర్చుటయే యని రవీంద్రుడు నిరసించెను. ఆ వివాదమున చదువుకొన్నవారమందరము రవీంద్రుని పక్షమున నిలిచి, తృప్తిపడి, పుస్తకము మూసితిమి. నేనును నిలిచితిని. కాని మన ప్రశాంత వ్యాసకర్తను తరచి చూచినకొలది, అతడు రవీంద్రుని భాషలో గాంధీ మతమునే బోధించుచున్నాడేమో యని తోచుచున్నది. పాపమునకు శిక్ష యని ఆయన యనెను. భాగ్యమునకు వెల యని ఇతడనుచున్నాడు. రెండింటను మృతుని మరణమున కొక ప్రయోజనము కల్పింపబడినది. పైగా గాంధీ ఆ పాపములో తన్నును చేర్చుకొని, ఆ మాటతో ఒక దురాచారమును పెకలింప జూచెను; ఈ వెలసిద్ధాంతమువలన ఎవని నడవడియు మారదు. ఇచ్చట నా తర్కము నన్నే ఇరుకున పెట్టుచున్నది. అసత్యమని నేను త్రోసిపుచ్చిన మాట మనుష్యుని మేల్కొలుపుచుండగా, సత్యమునకు సమీపమైన మాట వానిని జోకొట్టుచున్నది. ఇందులో నేది మేలో తేల్చుకొనలేక, నేను చూచిన దానిని చెప్పెదను.

1993 సెప్టెంబరు 30న, తెల్లవారుజామున నాలుగు గంటలు కావచ్చుచుండగా, మహారాష్ట్రములోని లాతూరు, ఉస్మానాబాదు జిల్లాల సరిహద్దున కిల్లారి పరిసరములు కంపించెను. ముందటి రాత్రి గణేశ నిమజ్జనము. ఊరేగింపు ముగించుకొని యిల్లు చేరినవారు గాఢనిద్రలో నుండిరి. మాకు హైదరాబాదులో మంచములు కదలినవి, వంటింట గిన్నెలు గలగలలాడినవి, అంతతో సరి. అక్కడ దాదాపు 8,000 నుండి 10,000 వరకు ప్రాణములు పోయినవి. కొన్ని వారములకు దుప్పట్లును, వంటపాత్రలును తీసికొని వెళ్లు మిత్రబృందముతో నేనును జహీరాబాదు మీదుగా లారీలో బయలుదేరితిని. త్రోవపొడవున జొన్న విత్తుటకు సిద్ధముగా నున్న నల్లరేగడి చేలు, వాన తడికి నిగనిగలాడుచు, ఎట్టి యుపద్రవమును ఎరుగనట్లు పరుండి యుండెను.

ఊరు అని చెప్పబడిన చోట రాళ్లకుప్పలు తప్ప మరేమియు లేవు. అచ్చటి యిండ్లు మట్టిమిద్దెలు. మూరెడు మించిన మందమున నల్లరాళ్లను బురదతో పేర్చి గోడలెత్తి, కఱ్ఱదూలములపై నేటేట మన్ను పోసి కప్పు బలిపించిన కట్టడములు. వేసవి యెండకు, చలికాలపు గాలికి అంతటి సుఖమైన యిల్లు వేరొకటి లేదు. ఆ గోడలోని రాయికి ప్రక్క రాయితో బంధము లేదు. కదిలిననాడు రెండు వైపులకును విచ్చిపోయి, కప్పు మొత్తము మీదికి దిగినది. ఊరి వెలుపల తాటాకుల పాకలలో నున్న బీదలు పెక్కుమంది బ్రతికిరని మాతో వచ్చిన వైద్యుడొకడు చెప్పెను.

చేనిలో నొక వృద్ధుడు గొఱ్ఱు కట్టుచుండెను. ఒక యెద్దు తనది. రెండవది పొరుగూరినుండి ఎరువు తెచ్చుకొన్నది. భార్యయు, మనుమడును ఆ రాత్రి పోయిరని మమ్ము వెంటబెట్టుకొని వచ్చిన బాలుడు ముందే చెప్పియుండెను. ముసలివాడు జడ్డిగములో జొన్నలు పోసి, వంగి, చిటికెడు మన్ను తీసి కన్నుల కద్దుకొని, నొసట రాచుకొని, ఎద్దులను అదలించెను. నేను నిశ్చేష్టుడనై నిలిచిపోతిని. ఏ నేల తన యింటివారిని మ్రింగెనో ఆ నేలకే యీ నమస్కారము! అతడు సాలు ముగించి మరలి వచ్చువరకు వేచియుంటిని. 1972 నాటి కరవులో కూలికై హైదరాబాదు వచ్చి కొంతకాల ముండినందున అతనికి తెలుగు వచ్చును.

“తాతా, ఈ నేలకేనా నువ్వు మొక్కుతున్నది?” అని యడిగితిని.

అతడు నా వైపు చూచి, “పదును ఆరిపోతే మొలక రాదు సారూ. ఇప్పుడే ఇత్తాలె” అనెను. మరల రెండడుగులు వేసి ఆగి, “రేకులు ఎప్పుడొస్తయంటరు?” అని యడిగెను. నాకు తెలియదంటిని. “జర పక్కకు జరుగుండ్రి, సాలుల నిలబడ్డరు” అని, ఎద్దులను తోలుకొని పోయెను.

అతని నోట ఒక శాపమో, ఒక క్షమయో వినగోరి నేనచ్చటికి పోయితినని తిరుగు ప్రయాణమున లారీలో కూర్చున్నపుడు గాని నాకు బోధపడలేదు. ఆ రెండింటిలో నేది పలికినను నేనొక వ్యాసము వ్రాసికొని యుందును. ఆ గోడల నల్లరాయియు, ఆ చేని నల్లమన్నును ఒకటే. భూగర్భమునుండి పొంగిన దక్కను లావా గడ్డకట్టి బసాల్టు రాయియైనది. ఆ రాయి కోట్ల యేండ్లు ఎండకు, వానకు శిథిలమై రేగడియైనది. అన్నము పెట్టినదియు, మీద పడినదియు ఒకే పదార్థము. ఉత్తరమున ఆసియాతో జరుగుచున్న పెనుగులాటవలన పుట్టిన ఒత్తిడి ఫలకమంతట వ్యాపించి, ప్రాత బీటలున్నచోట నిట్లు విడుదల యగునని శాస్త్రజ్ఞులు వివరింతురు. అనగా హిమాలయమునెత్తు చేతిదెబ్బయే వేయి కిలోమీటర్లకు పైబడిన దూరమున ఆ మిద్దెకు తగిలినది. వెలసిద్ధాంతికి ఇంతకంటె చక్కని నిదర్శనము దొరకదు; దానిని ఖండించుటకు నాకును ఇంతకంటె చక్కని నిదర్శనము దొరకదు. ఆ వృద్ధుడు ఏ హిమాలయమును కొనగోరెను?

భూకంపము చంపదు, గోడలే చంపునని చెప్పు ఇంజనీరుల మాట యొకటి కలదు. అది నిజమే గాని, చేతికందిన రాయితో, కాలువగట్టు మట్టితో తాత తండ్రులు కట్టినట్లు కట్టుకొన్నవానిమీదికి నేరమును నెట్టుట అంత తేలికగా నాకు సాధ్యము కాలేదు. ఆనాటి భూకంపమండల పటమున ఆ ప్రాంతము భయము అత్యల్పమైన మొదటి మండలములో నుండెను. పటము గీచిన విద్వాంసులకే తెలియనిది ఆ రైతునకు తెలియవలసి యుండెనా?

పోనీ, బేరమను తలంపునే విడిచిపెట్టుదుమన్న, మరియొక చిక్కు వచ్చుచున్నది. భూమి అమ్మునది కాదు, పుచ్చుకొనునది కాదు. దానికి ఉద్దేశమే లేదందము. ఉద్దేశము లేనిదానిని నిందింపరాదు, బాగుగనే యున్నది. అట్లయిన ఉద్దేశము లేనిదానికి కృతజ్ఞత చెప్పుట మాత్రమేల? ప్రాతఃకాలమున మంచము దిగుటకు మునుపు, పాదము మోపుచున్నందులకు భూమిని క్షమింపవేడుకొనుట మా యింట మూడు తరముల ఆచారము. నేనును నేటివరకు మానలేదు. నిందకు అర్హత లేనిదైనచో నా నమస్కారమునకును అర్హత లేనిదే కావలెను. నింద సమాధానము కోరును, కృతజ్ఞత కోరదు, కనుక రెండింటికిని భేదమున్నదని కొంతకాలము నన్ను నేను సమాధానపరచుకొంటిని. కాని అది బ్రతికినవాని సౌకర్యము. నిందింపవలసినవారి నోళ్లు మన్నుతో మూసికొనిపోయిన పిమ్మట, మిగిలినవాడు కృతజ్ఞుడగుట ఏమంత ఘనకార్యము?

ఇంతవరకు వచ్చి నేను చాల కాలము ఆగిపోయితిని. తరువాత నా దృష్టి మరియొక వైపునకు మరలినది. ఈ భూగర్భమును గూర్చి పైన నేను ఏకరువు పెట్టిన లెక్కలు ఎట్లు తెలిసినవి? రష్యాలోని కోలా ద్వీపకల్పమున రెండు దశాబ్దములు శ్రమించి త్రవ్వినను, 12,262 మీటర్లకు మించి దిగజాలకపోయిరి. కేంద్రము 6,371 కిలోమీటర్ల లోతున నున్నది. లోపల దీపము పట్టినది భూకంపమే. 1897 జూన్ 12న అస్సామును నేలమట్టము చేసిన కంపమును భారత భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖకు చెందిన ఆర్.డి. ఓల్డ్‌హాము పరిశీలించి, భూకంపతరంగములలో వేర్వేరు జాతులున్నవని గుర్తించెను. 1906లో ఆ తరంగముల ఆలస్యమునుబట్టి భూమికి గర్భగోళ మొకటి కలదని నిరూపించెను. 1929లో న్యూజీలాండు కంపించినపుడు, రాకూడని చోట తరంగములు వచ్చినవని గమనించిన డెన్మార్కు విదుషి ఇంగే లేమన్, 1936లో ఆ గర్భగోళమునకు నడుమ మరియొక గోళమున్నదని ప్రకటించెను. కిల్లారి కంపమువలన సుస్థిరమని చెప్పబడిన ఫలకమధ్యము సుస్థిరము కాదని స్పష్టమైనది. 2002లో సవరింపబడిన పటమున ఆ మొదటి మండలమే తొలగింపబడినది.

ఇచ్చట మాత్రము, పర్వతముల విషయమున నేను నిరాకరించిన మూల్యమను మాట, నా యిష్టముతో నిమిత్తము లేకుండ చెల్లుబాటగుచున్నది. పుచ్చుకొన్నవారు కలరు, వారము మనమే. ఆ పటమునుబట్టి నేడు నా నగరములో కట్టబడు స్తంభములలో ఇనుము హెచ్చినది. దాని క్రింద నేను నిర్భయముగా నిద్రించుచున్నాను. ఆ మృతులు తాము ఇచ్చితిమని ఎరుగరు. ఇష్టపడి యిచ్చినదియు కాదు. ఇష్టము లేనివానినుండి తీసికొన్నదానిని దానమనరాదు, అప్పనియు అనరాదు. దానిని తీర్చుట కెవరిని వెదకుదును? ముసలివానికి కావలసినవి రేకులు. నాకు తెలియదని చెప్పి వచ్చితిని.

ఆ వృద్ధుని నమస్కారమున కృతజ్ఞతయు లేదు, క్షమయు లేదు, విత్తుపనిలో నదియొక భాగము మాత్రమేయని నేడు నాకు తోచుచున్నది. సాలులో అడ్డముగా నిలిచి అర్థము వెదకినవాడను నేను. అర్థము కావలసినది పొలము లేనివానికే కాబోలు; మన ప్రశాంత వ్యాసకర్తయు, నేనును ఆ విషయమున ఒకే గట్టున నున్నవారము. అట్లయిన ఈ ప్రశ్న నడుగుటకు నాకున్న అధికారమేమి యన్నదే ఇప్పటి సందేహము. అధికారము లేదని నోరు మూసికొందునా, ఆ వ్యాసము మరల వెలువడును, మరల లెక్క సరిపోయినదని చదివి మనమందరము హాయిగా నిద్రింతుము. కావున అధికారము లేకయే అడుగుచుందును. ఈ ఖాతా తేలలేదు; తేలినదని సంతకము చేయువానితో మాత్రము నేను సాక్షి సంతకము చేయజాలను.