చెప్పుకోరాని చోటు

‘అసాధారణ స్థానంలో అరుదైన కణితి’. వైద్య పత్రికల్లో తరచూ కనిపించే శీర్షిక ఇది. అరుదు అన్నది లెక్కకు సంబంధించిన మాట. మరి అసాధారణం? ఆ చోటు ఎవరికి అసాధారణం?

అగ్రెసివ్ యాంజియోమిక్సోమానే తీసుకుందాం. 1983లో స్టీపర్, రోసాయ్ అనే పాథాలజిస్టులు తొమ్మిది కేసుల ఆధారంగా దీన్ని ప్రత్యేకమైన కణితిగా వర్ణించారు. ఎక్కువగా పిల్లల్ని కనే వయసు స్త్రీలలో, కటి భాగపు మెత్తని కణజాలంలో పుడుతుంది. తరచూ నొప్పి ఉండదు. యోని పెదవి దగ్గర చిన్న వాపులా కనిపించేది లోపల చాలా లోతుకు పాకి ఉండవచ్చు. బార్తొలిన్ తిత్తి అనో, కొవ్వు గడ్డ అనో, హెర్నియా అనో పొరబడడం మామూలు. వేరే అవయవాలకు పాకడం చాలా తక్కువ గానీ, తీసేసిన చోటే ఏళ్ల తర్వాత కూడా మళ్లీ రావచ్చు. అందుకే ముందుగా ఎమ్మారైతో లోతు తెలుసుకోవడం, తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూడడం అవసరం.

జబ్బు అరుదైనదే. కానీ దాని పేరు తెలిసేలోపు దాటాల్సిన గడపలు ప్రతి ఆడదానికీ తెలిసినవే. పుంగనూరు నుంచో పలమనేరు నుంచో తిరుపతిలో రుయాకో, స్విమ్స్‌కో రావలసిన ఒక స్త్రీని ఊహించండి. ముందు ఇంట్లో చెప్పాలి. ఏ మాటతో? బూతూ సంస్కృతమూ కాని మాట మన ఇళ్లలో ఆ చోటుకు ఏదీ? ‘కింద’ అంటాం. ‘ఆడ’ అంటాం. ఆ మాటనే మళ్లీ ఓపీలో, వెనక వరుసలో నిలబడ్డవాళ్లు వింటుండగా పలకాలి.

ఈ మౌనానికి మన దగ్గర చరిత్ర ఉంది. 1911 దాకా చిత్తూరు కేంద్రంగా ఉన్న ఉత్తర ఆర్కాటు జిల్లాలోదే వేలూరు. అక్కడ 1900లో ఐడా స్కడర్ ఒక్క పడకతో వైద్యం మొదలుపెట్టింది. అంతకుముందు తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు కాన్పు కష్టమై చనిపోవడమే తనను వైద్యం వైపు తిప్పిందని ఆమె చెప్పేది. డాక్టరైన ఆమె తండ్రి దగ్గరలోనే ఉన్నాడు. మగవాడని ఇంటివాళ్లు ఒప్పుకోలేదు. ఇప్పుడు స్త్రీ వైద్యులకు కొదవ లేదు. తిరుపతిలోనే 2014లో పద్మావతి మహిళా వైద్య కళాశాల వచ్చింది. అయితే కుర్చీలో ఆడమనిషి ఉన్నంత మాత్రాన గదికి పరదా రాదు.

‘ప్రతి వాపులోనూ అరుదైన జబ్బును వెతకమంటారా?’ అని డాక్టర్లు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. చాలా వాపులు మామూలువే. మనం అడిగేది అరుదైన పేరు కాదు. పరదా వేసి పూర్తిగా చూడమని, విని నమ్మమని, కోసి తీసినదాన్ని పారేయకుండా పాథాలజీకి పంపమని. సాదాసీదా పనులు. అరుదైన పేరు కూడా ఆ దారినే బయటపడుతుంది.

‘ముందే ఎందుకు రాలేదమ్మా?’ అనే మందలింపు వెనక ఒక అన్యాయం ఉంది. సిగ్గు ఆమె పుట్టుకతో తెచ్చుకున్నది కాదు, మనం నేర్పింది. చిన్నప్పుడు మాట్లాడొద్దని నేర్పి, పెద్దయ్యాక మాట్లాడలేదని నేరం మోపుతున్నాం. ధైర్యం చెయ్యమని ఆమెకు చెప్పడం సులువు. ధైర్యం అక్కర్లేకుండా చెప్పుకోగల గదినీ భాషనీ సిద్ధం చేయడం మన బాధ్యత. ‘సవాలక్ష సందేహాలు’ లాంటి పుస్తకంతో స్త్రీలు మొదలుపెట్టిన ఆ పని ఇంకా సగంలోనే ఉంది. గది డాక్టర్ల వంతయితే, మాట రాసేవాళ్ల వంతు.