అక్కఱలేని వారు ఆ గదిని కోరవచ్చునా?

ప్రయాణములు పెరిగిన ఈ కాలమున మన కుటుంబములవారు హోటలు గదులలో బసచేయుట సామాన్యమైనది. పెండ్లికి తరలిపోవువారు, తీర్థయాత్రకు వెళ్లువారు, ఉద్యోగపు పనిమీద తిరుగువారు, అమెరికాలోని బిడ్డలను చూడబోవు తల్లిదండ్రులు, అందఱును ఏదో యొకనాడు హోటలు కౌంటరుకడ నిలిచి తాళము నందుకొనువారే. అట్టి హోటళ్లలో చక్రాల కుర్చీమీద తిరుగువారి కొఱకు ప్రత్యేకముగా కట్టిన గదులు కొన్ని యుండును. అవి తఱచు తక్కిన గదులకంటె విశాలముగా నుండును. స్నానపు గది మఱింత విశాలము. అద్దె మాత్రము సాధారణముగా నొక్కటియే. కాలు చేయి చక్కగానున్న వారు, విశాలముగా నున్నదన్న కారణమున, అట్టి గదిని కోరవచ్చునా? కోరకయే గుమాస్తా యిచ్చినయెడల మాఱు మాటాడక పుచ్చుకొనవచ్చునా? ఈ ప్రశ్న చూచుటకు స్వల్పము. ఒక్క రాత్రి నిద్రకు ధర్మశాస్త్ర మేల యని నవ్వువారును ఉందురు. అయినను ఇంతటి స్వల్ప విషయమునందే మన న్యాయబుద్ధి యే పాటిదో తెలియునని మా యభిప్రాయము.

మొదట ఆ గది యెట్టిదో తెలిసికొందము. దాని తలుపు తెఱచినప్పుడు కుర్చీ దూఱునంత వెడల్పైన దారి యుండవలెను. అమెరికా దేశపు కొలతల ప్రకార మది 32 అంగుళములకు తగ్గరాదు. లోపల కుర్చీ యొక చుట్టు తిరుగుటకు 60 అంగుళముల వ్యాసము గల ఖాళీ స్థలము కావలెను. మరుగుదొడ్డి పీఠము 17 మొదలు 19 అంగుళముల యెత్తున నుండును; దాని ప్రక్కను వెనుకను పట్టుకొనుటకు ఇనుప కడ్డీలుండును. చేతులు కడుగుకొను తొట్టిక్రింద మోకాళ్లు పట్టునంత జాగా యుండును. కొన్ని గదులలో స్నానము చేయుచోట గట్టు లేక నేల సమముగా నుండి, కుర్చీతోనే లోనికి పోవుటకు వీలగును. మనకు ఈ కడ్డీలు తువాలు ఆరవేసికొనుటకు పనికివచ్చును. కుర్చీలో నుండువానికో, ఆ కడ్డీ పట్టుకొని పీఠము మీదికి జరుగుటయా, లేక పరుల చేతులలో ఎత్తబడుటయా అనునది ఆ కడ్డీ మీదనే యాధారపడి యుండును. రెండంగుళముల గట్టు మనము చూడకయే దాటుదుము. ఆ గట్టే యతనికి గోడ. తలుపు ఇరుకైనచో అతడా రాత్రి స్నానము మానుకొనవలసినదే కాదు, కాలకృత్యములకు సైతము తడుముకొనవలసినదే. కాబట్టి ఆ గదిలోని వెడల్పు విలాసము కొఱకు చేసినది గాదు. మన కది సౌఖ్యము. అతని కది మర్యాద.

ఇక నట్టి గదులు ఎన్ని యుండునో చూతము. అమెరికా దేశమున వికలాంగుల హక్కుల చట్టము 1990 జూలై 26వ తేదీన ఆమోదముద్ర పొందినది. దాని క్రింద 2010లో సవరించిన ప్రమాణముల ప్రకారము 100 గదుల క్రొత్త హోటలులో చక్రాల కుర్చీకి తగిన గదులు కనీసము 5 ఉండవలెను; ఆ యైదింటిలో కుర్చీతో నేరుగా స్నానమునకు పోదగినది కనీసము 1. చట్టము కోరునంతకంటె అధికముగా కట్టువారు అరుదు. అనగా తక్కిన 95 గదులు కుర్చీవాని కొఱకు కట్టిన గదులు కావు. ఇంత కట్టుదిట్టమైన చట్టము గల దేశముననే నూటి కైదన్నమాట.

"మేము ధనమిచ్చినాము; హోటలువాడు ఇచ్చినాడు; ఇందులో తప్పేమి?" యని కొంద ఱందురు. ఈ వాదమును తోసివేయ రాదు గాని, దానిని చివరవఱకు నడిపి చూడవలెను. మన ధనము ఆ హోటలులోని నూఱు గదులయందును చెల్లును. అతని ధనము ఐదింటియందే చెల్లును. తక్కిన తొంబదియైదింటి గుమ్మముకడ నది చెల్లని కాసు. మనమా యైదింటిలో నొకటి కోరుకొన్నప్పుడు, మనకు గల నూఱు అవకాశములలో నొకదానిని వాడుకొంటిమి. అతనికి గల యైదింటిలో నొకదానిని తీసివేసితిమి. బేరము న్యాయముగా జరిగినదనుట నిజమే కావచ్చును. కాని బేరములో న్యాయము అమ్మువానికి కొనువానికి నడుమ చూడదగినది; ఆలస్యముగా వచ్చి, గది లేదనిపించుకొను మూడవవాడు ఆ బేరములో లేడు. అతని పక్షమున మాటాడుటకు మన మనస్సాక్షి తప్ప వేఱొకరు లేరు.

మన పెద్దలు దీనిని సత్రముల విషయమున బాగుగ నెఱుగుదురు. ఊరిలో సొంత యిల్లుండి, చల్లగా నున్నదని సత్రపు టరుగుమీద బాటసారి చాప నాక్రమించుకొనువానిని ఎవరును శిక్షింపరు, గౌరవింపనును గౌరవింపరు. సత్రము వానిని పొమ్మనకపోవచ్చును. కాని చీకటిపడి బాటసారి వచ్చి, చోటు లేక మెట్లమీద పరుండినయెడల, ఆ యింటివాడు చేసినది చిన్న పనియని యెవరనగలరు?

ఇచ్చట నొక సందేహము కలుగవచ్చును. బస్సులో వికలాంగులకని వ్రాసిన సీటుమీద మనము కూర్చుండుట లేదా? వారు వచ్చినప్పుడు లేచుచున్నాము గదా? గదికి మాత్ర మేల యింత పట్టింపు? ఈ రెంటికిని గల భేదమే యీ ప్రశ్నకు మూలము. బస్సులో అక్కఱగలవాడు మన కన్నులయెదుట నిలువబడును. మనము లేచిన క్షణమున నతనికి స్థలము దొరకును. హోటలులో నట్లు కాదు. రాత్రి పదునొకండు గంటలకు అతడు క్రింద కౌంటరుకడ "గది లేదు" అను మాట విని వెనుకకు మఱలుచుండగా, మనము మీది యంతస్తున దీప మార్పి నిద్రించుచుందుము. అతడు వచ్చినట్లును తెలియదు, పోయినట్లును తెలియదు. మనవలన కలిగిన కష్టము మన కంటబడకపోవుటచేత మనము నిర్దోషులమని తలంచెదము. కనబడిన కష్టమునకు కరగుట పశువులకును కొంత గలదు. కనబడని కష్టమును ముందుగా నూహించి నడచుకొనుటయే విద్యకు ఫలము.

ఇంతవఱకు చదివినవారు, అట్టి గదిలో అడుగుపెట్టుటయే పాపమని మేము చెప్పుచున్నామని తలంపరాదు. హోటలంతయు నిండి ఆ యొక్క గది మిగిలియుండగా, చంటిబిడ్డతో వచ్చిన తల్లి బస్సుస్టాండులో తెల్లవార్లు కూర్చుండవలెననుట ధర్మము కాదు. ఎవరును రాని రాత్రి ఆ గది తాళము వేసియుండుటచేత ఏ వికలాంగునకును మేలు కలుగదు. ఈ సంగతి చట్టము చేసినవారును గ్రహించిరి. అమెరికాలో 2012 మార్చి 15 మొదలు అమలునకు వచ్చిన నిబంధన ప్రకారము, హోటలువారు ఆ తరగతికి చెందిన తక్కిన గదులన్నియు అద్దెకు పోవువఱకు ఈ గదులను వికలాంగుల కొఱకు నిలిపియుంచవలెను. అవి మాత్రమే మిగిలినప్పుడు ఇతరులకు ఇయ్యవచ్చును. వికలాంగుడొకడు ముందుగా ఫలానా గదిని కోరి ఖాయము చేసికొన్నయెడల, దానిని మఱియొకరికి ఈయక అతని కొఱకే యుంచవలెను. ఇందులోని న్యాయము నిషేధము కాదు, వరుస. వానిని కడపట అమ్ముట హోటలువాని విధియైనచో, కడపట కొనుట మన విధి. చట్టము హోటలువానిని మాత్రమే బంధించును. కాని విశాలముగా నున్నదని ముందే దానిని కోరువాడు, విధి తప్పుటకు హోటలువానిని ప్రేరేపించుచున్నాడు.

ఇంకొక హెచ్చరికయు నవసరము. అక్కఱ యనునది ఎల్లప్పుడు కంటికి కనబడదు. కీళ్లవాతముతో బాధపడు వృద్ధురాలు కౌంటరువఱకు నడచివచ్చును గాని, పల్లపు పీఠము మీదనుండి లేవలేదు. శస్త్రచికిత్స జరిగి నెల దాటనివాడును, నాలుగడుగులు నడచి ఐదవదానికి కుర్చీ వెదకుకొనువాడును చూపులకు మనవంటివారే. కాబట్టి ఈ ప్రశ్నను ఎవరికివారు వేసికొనవలెనే గాని, ప్రక్క గదివానిని నిలదీయుటకు వాడరాదు. పరుల యక్కఱను తూచుటకు తక్కెడ పట్టుకొని కూర్చుండు ధార్మికులవలన కుంటివానికి మేలుకంటె కీడే యెక్కువ. అక్కఱలోను తారతమ్యములు గలవు. తల్లికి కడ్డీయు, ఎత్తైన పీఠమును చాలునన్నయెడల అంతవఱకే యడుగవలెను. కుర్చీతో లోనికి పోదగిన స్నానశాల గల యా యొక్క గదిని, అది లేక గడవనివానికి విడువవలెను.

మన దేశపు స్థితి యేమి? 2011 జనాభా లెక్కల ప్రకారము భారతదేశమున వికలాంగులు 2.68 కోట్లమంది. 1995లో నొక చట్టము వచ్చినది. దాని స్థానమున వచ్చిన 2016 నాటి హక్కుల చట్టము 2017 ఏప్రిలు 19 నుండి అమలులో నున్నది. ప్రజలు వచ్చిపోవు భవనములు వికలాంగులకు ప్రవేశయోగ్యముగా నుండవలెనని యది విధించినది. అయినను ఆ చట్టము క్రింది నియమములలో నొకటి కేవలము సలహాలవలె నున్నదనియు, తప్పక పాటింపదగిన ప్రమాణములు కావలెననియు 2024 నవంబరు 8న సుప్రీముకోర్టు తీర్పు చెప్పవలసివచ్చినది. నక్షత్రముల గుర్తింపు కోరు హోటళ్లకు పర్యాటక శాఖవారు పెట్టిన షరతు వికలాంగులకు కనీస మొక గది. మన చిన్న పట్టణములలోని వసతి గృహములను జూచిన నా యొక్కటియు కనబడుట దుర్లభము. పలుచోట్ల వీధి మెట్లయొద్దనే కథ ముగియును. ఇటీవల ప్రభుత్వమువారు వికలాంగులను దివ్యాంగులని పిలుచుచున్నారు. పేరు మార్చిన మాత్రమున గుమ్మము వెడల్పు కాదు. ఉన్నది ఒకే గదియైన చోట దాని నాక్రమించుట, ఐదు గదులున్న చోట నాక్రమించుటకంటె ఎంత యెక్కువ దోషమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ చిక్కునకు నిజమైన పరిష్కారము త్యాగము కాదని కూడ మేము నమ్ముదుము. గదులు కొలదిగా నుండుటచేతనే ఈ పోటీ కలుగుచున్నది. కట్టునప్పుడే ప్రతి గది తలుపును కొంచెము వెడల్పు చేసి, స్నానపు గదిలో గట్టు తీసివేసి, గోడకు కడ్డీ బిగించినయెడల, ఈ ప్రశ్నయే పుట్టదు. ఆ వెడల్పు కుర్చీవానికే కాక గర్భిణికిని, పసిబిడ్డకును, తడినేలపై కాలుజాఱు ముసలివానికిని ఉపకరించును. హోటలు మాట యటుండనిండు; మన సొంత యిండ్లెట్లున్నవి? లక్షలు పోసి మేడ కట్టి, వాకిట నాలుగు మెట్లును, స్నానపు గదికి నెత్తైన గడపయు పెట్టి, పదియేండ్ల తరువాత ఆ యింటి పెద్దనే మంచమునకు బందీని చేయువారు మనలో నెందఱు లేరు? నేడు మనకు అక్కఱలేని గది రేపు అక్కఱకు రాకపోదు. అయితే ఆ భయముచేత మాత్రమే నేడు న్యాయముగా నడువవలెనని మేము చెప్పము. రేపు మనకు నూఱేండ్లు కాళ్లు చక్కగా నున్నను అతని గది అతనిదే.

కావున గృహస్థులైన మా చదువరులు ఆచరింపదగిన దింతయే. గది ఖాయము చేయునప్పుడు, ఇతర గదులు దొరకుచుండగా, వికలాంగుల గదిని ఎంచుకొనకుండుట. కౌంటరుకడ గుమాస్తా దానిని చేతికిచ్చినచో, "వేఱొక గది యున్నదా?" యని యడుగుట. లేదన్నయెడల నిస్సంకోచముగా పుచ్చుకొని, "అక్కఱగలవారు వచ్చి, మాకు వేఱొక చోటు చూపగలిగినయెడల, ఏ వేళనైనను మారుదుము" అని చెప్పి పోవుట. బస హోటలువారిచే నిర్ణయింపబడిన పెండ్లివారైనచో, విడిది యేర్పాటు చేయువారే ముందుగా ఆ గదులను ప్రక్కకు తీసియుంచి, బంధువులలో నెవరికి అక్కఱయో విచారించి వారి కిప్పించుట. వీనిలో ఏదియు ఒక నిముసముకంటె పట్టదు, ఒక కాసుకంటె ఖర్చు కాదు. పిల్లలు మన వెంటనుండి ఈ ప్రశ్న నడుగుట వినిన, వేఱుగ వారికి నీతిపాఠము చెప్పవలసిన పని యుండదు. "ఎందుకు నాన్నా, పెద్దగది వద్దన్నావు?" అని వారడిగినప్పుడు, రాత్రి యేవేళనో రాదగిన మనుష్యుని గూర్చి వారికి చెప్పవలెను.