తిథి ఉన్నవాళ్ళు

ఓడ పొద్దున్న 7కి లా స్పేజియా రేవులో ఆగింది. సాయంత్రం 5:30కల్లా ఎక్కకపోతే ఎవరి కోసమూ ఆగదని ముందురోజు రాత్రే గదిలో ఒక కాగితం పెట్టి వెళ్ళారు. అమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుని, "మన రేపల్లె పాసింజరే నయం, పరిగెత్తేవాణ్ణి చూస్తే కాస్త ఆగుతుంది" అంది. అక్కా బావా టిక్కెట్లు కొనిస్తే వచ్చినవాళ్ళం మేము. మా గుంపు నంబరు 14. కుర్తాల మీద ఆకుపచ్చ స్టిక్కర్లు అంటించుకుని, గొడుగు ఎత్తి పట్టుకున్న గైడు వెనకాల నడిచాం.

చింక్వే తెర్రె అంటారు ఆ తీరాన్ని. కొండ అంచున అయిదు పల్లెలు. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రైలు సొరంగంలోంచి బయటికొచ్చి ఒక ఊరు చూపించి మళ్ళీ సొరంగంలోకి పోతుంది. మనరోలాలో నలభై నిమిషాలు, వెర్నాత్సాలో గంటన్నర. వెర్నాత్సాలో వెయ్యిమంది కూడా ఉండరు. ఆ పూట ఆ సందుల్లో మేమే అంతకు రెట్టింపు ఉన్నామేమో.

అక్కడ మేడమీద కిటికీలో ఒక పెద్దావిడ తడి దుప్పటి ఆరేస్తోంది. పసుపు గోడ, పచ్చ రెక్కల కిటికీ, తెల్ల దుప్పటి. ఫోటో తీశాను. వెలుగు సరిగ్గా పడలేదని ఇంకోటి తీయబోతుంటే ఆవిడ కిందికి చూసి కిటికీ రెక్కలు మూసేసింది. కోపంగా కూడా కాదు. వంటింట్లో ఈగని తోలినట్టు మూసింది. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. తిట్టినా బాగుండేది, నన్నొక మనిషిగా లెక్కేసినట్టుండేది.

ఓడెక్కాక అక్కతో అంటే, "వాళ్ళకి మనమే కదా అన్నం పెట్టేది" అంది. అందులో నిజం లేకపోలేదు. 2011 అక్టోబరు 25న వాన వరదకి వెర్నాత్సా ప్రధాన వీధి బురదలో పూడిపోయింది. ఊరు మళ్ళీ లేచి నిలబడ్డాక పర్యాటకులే దానికి జీవనాధారం. కానీ లెక్క చూస్తే ఆ రోజు నేను పెట్టింది ఒక ఐస్‌క్రీం డబ్బులు. పొద్దుటి తిండి ఓడలోనే, రాత్రి తిండీ ఓడలోనే. ఒక్కపూటకి వచ్చి పోయేవాళ్ళ దగ్గర వెనిస్ నగరం 2024 ఏప్రిల్ 25 నుంచి, రద్దీ రోజుల్లో, 5 యూరోల రుసుము వసూలు చేయడం మొదలుపెట్టింది. మనిషి చూపుకి నగరం ఒక ధర కట్టిందన్నమాట. కట్టేస్తే బాకీ తీరినట్టేనా?

రెండో జవాబు మన తరానికి చాలా ఇష్టమైనది. నెమ్మదిగా తిరగాలి, నెల రోజులుండాలి, అక్కడి మాట నాలుగు ముక్కలు నేర్చుకోవాలి. నేనూ ఇదే నమ్మేదాన్ని. అయితే నేను పుట్టి పెరిగింది తెనాల్లో. బాపట్ల రైల్లో గంట ప్రయాణం, అక్కణ్ణించి సూర్యలంక ఇంకో 9 కిలోమీటర్లు. ప్రతి కార్తీకమాసంలో సముద్ర స్నానానికి వెళ్ళేవాళ్ళం. పులిహోర, పెరుగన్నం, అరటాకులు, దుప్పట్లు అన్నీ ఇంటి నుంచే. తడిబట్టలతో సరుగుడు చెట్ల కింద కూర్చుని తినేసి, విస్తళ్ళు అక్కడే పడేసి, చీకటి పడకముందే రైలెక్కేసేవాళ్ళం. ఇసుకలో వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు కనపడేవాళ్ళు. వాళ్ళని చూపించి నాన్న "అరుగో జాలర్లు" అనేవాడు, జూలో చూపించినట్టు. పద్దెనిమిదేళ్ళు గంట దూరంలో ఉండి వాళ్ళలో ఒక్కరి పేరు నాకు తెలీదు. మా అందరి రొమ్ముల మీదా కనపడని ఆకుపచ్చ స్టిక్కరు ఉండేదని ఇప్పుడనిపిస్తోంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటినప్పుడు హైదరాబాదులో కూర్చుని వీడియోలు చూసి "అయ్యో మన సూర్యలంక" అన్నాను. ఏ హక్కుతో "మన"?

కాబట్టి సమయం ఎక్కువుంటే చాలదు. పైగా ఎక్కువ ఉండిపోవడం ఎలాంటిదో ఈ తీరానికి తెలుసు. రేపల్లె కిందుగా ఉన్న నిజాంపట్నం ఒకప్పుడు పెద్ద రేవు. డచ్చివాళ్ళు 1606లో అక్కడ వర్తక స్థావరం పెట్టారు. ఇంగ్లీషు కంపెనీ ఓడ గ్లోబు 1611లో అక్కడ ఆగి, ఆ తర్వాతే బందరు వెళ్ళింది. వాళ్ళు ఆ ఊరిని పేటపోలి అని రాసుకున్నారు. చిరివేరు ఎరుపు అద్దిన బట్టల కోసం వచ్చారు. మాట నేర్చుకున్నారు, సరుకు తెలుసుకున్నారు, చాలా ఓపిగ్గా ఉన్నారు. ఆ ఓపిక ఎక్కడిదాకా వెళ్ళిందో మనకి తెలిసిందే. సాయంత్రం 5:30కి వెళ్ళిపోవడం కూడా ఒక మర్యాదేనేమో అని ఇది తల్చుకున్నప్పుడల్లా అనిపిస్తుంది.

మరి తేడా ఎక్కడుంది? బళ్ళో తెలుగు మాస్టారు తిథి చూసుకోకుండా వచ్చేవాడు అతిథి అని చెప్పేవారు. (వ్యుత్పత్తి గొడవ పండితులు చూసుకుంటారు.) ఓడ మనుషులకి మాత్రం తిథి ఉంది, గంటా నిమిషమూ కూడా ఉన్నాయి. మేం వస్తామని ఊరికి నెలల ముందే తెలుసు. ఎంతమందిమో తెలుసు, మనిషికి ఎన్ని నిమిషాలో తెలుసు. అలా వచ్చేవాళ్ళని అడగడానికి ఏముంటుంది? మా వైపు కొత్త మనిషి కనపడగానే "ఏ ఊరు? ఎవరి తాలూకు?" అంటారు. హైదరాబాదు వచ్చాక ఆ ప్రశ్నంటే చిరాకు పుట్టింది, కులం కూపీ అనిపించింది. చాలాసార్లు అది కూపీయే, కాదనను. కానీ ఆ ప్రశ్నలో ఇంకోటి కూడా ఉంది. నన్ను చూస్తున్నావు సరే, నేనూ నిన్ను చూస్తాను అని. రోజుకి వేలమంది వచ్చే చోట ఆ పెద్దావిడ ఎవర్నని అడుగుతుంది? ఎదురు చూసే వీలు లేనప్పుడు కిటికీ మూసుకోవడం ఒక్కటే మిగులుతుంది.

ఇదంతా ఇటలీలో తోచింది కాదు. పోయిన మే నెలలో రేపల్లెలో పెళ్ళికెళ్ళి, మధ్యాహ్నం ఖాళీ దొరికితే ఆటోలో నిజాంపట్నం వెళ్ళాను. రేవు నిండా పడవలు వరసగా కట్టేసి ఉన్నాయి. నీలం, ఎరుపు, పసుపు. చాలా అందంగా ఉన్నాయని నలభై ఫోటోలు తీశాక గుర్తొచ్చింది, అది వేట నిషేధ కాలం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పుతీరంలో మరపడవలు సముద్రంలోకి పోకూడదు. పని ఆగిపోయింది కాబట్టే అన్ని పడవలు ఒక్కచోట, నా ఫోటోకి కుదిరేట్టు ఉన్నాయి.

అక్కడ రేకుల నీడలో ఎండుచేపల బుట్ట ముందు పెట్టుకుని ఒక మామ్మ కూర్చుంది. ఫోను ఆవిడ వైపు తిప్పబోయి, వెర్నాత్సా గుర్తొచ్చి ఆగాను.

"ఏ ఊరమ్మాయ్?"

"తెనాలి, మామ్మా."

"ఎవరి తాలూకు?"

చెప్పాను. ఉద్యోగం అడిగింది, జీతం అడిగింది, పెళ్ళెందుకు కాలేదని అడిగింది. నా చెప్పుల ధర అడిగి, మోసపోయావంది. అరగంట నన్ను బాగా ఆరాతీశాక, "తీసుకుంటానంటివిగా, తీసుకో" అని కొంగు సర్దుకుంది. నేను ఆ మాట అననే లేదు. బహుశా ముఖంలో కనపడి ఉంటుంది. కాగితం మీద అచ్చేయించి తెచ్చిస్తానన్నాను.

తెచ్చివ్వడానికి ఏడు నెలలు పట్టింది. మొదటి నెల్లో పని, ఆ తర్వాత మరుపు, ఆ తర్వాత సిగ్గు. సంక్రాంతికి తెనాలి వచ్చినప్పుడు స్టూడియోలో అచ్చేయించి, కవర్లో పెట్టుకుని రేపల్లె రైలెక్కాను. మామ్మ అదే నీడలో ఉంది. నన్ను పోల్చుకోలేదు. మళ్ళీ ఊరూ తాలూకూ అన్నీ మొదటి నుంచీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఫోటో చేతికిస్తే దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, వెనక్కి తిప్పి కూడా చూసింది.

"నేనొక్కదాన్నే ఉన్నానే. నువ్వేదీ?"

ఆటో డ్రైవరు హారను కొడుతున్నాడు. రేపల్లెలో తిరుగు రైలుకి ఇంకా గంటుంది. అతన్ని పిలిచి ఫోను చేతికిచ్చి, బుట్ట పక్కన కూర్చున్నాను.